ఆ ఏడాదిన్నర: పసిపిల్లల రక్తహీనత గురించి

(హైదరాబాద్ బోరబండలో ఒక బస్తీ కమ్యూనిటీ హాలులో తల్లిదండ్రులు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలతో ఒక పిల్లల డాక్టరు మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం. గుమ్మం దగ్గర నిలబడ్డ అన్నలు, తాతలు కూడా లోపలికి వచ్చి కూర్చోండి. ఆడవాళ్ల మీటింగు కదా అని బయటే ఆగిపోకండి. ఇంటికి సరుకులు తెచ్చేవాళ్లు, పిల్ల ఏడవగానే చేతిలో బిస్కెట్ పెట్టేవాళ్లు, మందు సీసా ఎందుకు దండగ అని కోడలిని కసిరేవాళ్లు, అందరూ వినాల్సిన సంగతి ఇది.

పిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లులు ముందు ఒక పని చేయండి. పిల్ల అరచెయ్యి తెరిచి మీ అరచేతి పక్కన పెట్టి చూడండి. మీ చేతికన్నా పాలిపోయినట్టు ఉందా? ఉంటే రక్తం తక్కువుందేమో అని అనుమానించాలి. ఇందులో ఒక చిక్కుంది. మన రాష్ట్రంలో సగం మందికి పైగా ఆడవాళ్లకే రక్తం తక్కువ. తల్లి చెయ్యీ పాలిపోయి, పిల్ల చెయ్యీ పాలిపోయి ఉంటే రెండూ ఒక్కలాగే కనపడతాయి, అంతా బాగానే ఉందనిపిస్తుంది. అందుకని చేతులు చూసుకుని ధైర్యపడి ఇంటికి పోవద్దు. కంటితో కనిపెట్టగలిగేంత పాలిపోయేసరికి జబ్బు చాలా ముదిరి ఉంటుంది.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో బొద్దుగా, తెల్లగా ఉండేవాళ్లు ఎక్కువమంది కనిపిస్తారు. "మా మనవడు ఎంత రంగు తేలిండో చూడండి మేడమ్" అని నాయనమ్మ మురిసిపోతుంది. రోజుకు లీటరు పాలు తాగుతాడు, అన్నం మాత్రం నోట్లో పెట్టనివ్వడు. వేరే దేనికో తీసుకొస్తారు, జలుబనో, నిద్ర సరిగా పోవట్లేదనో. రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఏడో ఎనిమిదో ఉంటుంది. ఆ తెలుపు రంగు తేలడం కాదమ్మా, రక్తం లేకపోవడం.

ఐదేళ్ల లోపు పిల్లలకు హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత అని ఇన్నాళ్లుగా లెక్క. రెండేళ్ల లోపు వాళ్లకు ఆ గీతను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో 10.5కి దించింది. 7 కన్నా తగ్గితే మాత్రం ఇంట్లో మందులతో ఊరుకునే విషయం కాదు, నీలోఫర్ లాంటి పిల్లల పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఎంతమందికి ఉంది అంటారా. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంతకుముందు సర్వేలో అది 60.7 శాతం. వేలి చివర పొడిచి తీసే చుక్క రక్తంతో చేసిన లెక్క ఇది, దాంట్లో సంఖ్య కొంత ఎక్కువగా వస్తుందని శాస్త్రవేత్తలు వాదిస్తారు. నరం నుంచి రక్తం తీసి చేసిన ఇంకో సర్వే 2016-18లో దేశమంతటా జరిగింది, దాంట్లో ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 41 శాతం అని వచ్చింది. పదిమందిలో ఏడుగురా, నలుగురా అన్నది వాళ్లు తేల్చుకుంటారు. నాకు నలుగురైనా ఎక్కువే. ఈ హాల్లో ఆడుకుంటున్న పిల్లల్ని ఒకసారి అలా చూడండి. నలుగురంటే మామూలు మాటా?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ రక్తహీనత అన్ని వయసుల్లోనూ ఒకేలా నష్టం చేయదు. ఆరు నెలలు నిండినప్పటి నుంచి రెండేళ్లు వచ్చేదాకా, ఆ ఏడాదిన్నర చాలా ముఖ్యం. ఎందుకో చెబుతాను.

బిడ్డ పుట్టేటప్పుడు ఒంట్లో కొంత ఐరన్ దాచుకుని పుడుతుంది. తల్లి కట్టిచ్చిన సద్దిమూట అనుకోండి. ఆ మూటలో ఎక్కువ భాగం కడుపులో ఉన్న చివరి మూడు నెలల్లోనే నిండుతుంది. అందుకే నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, రెండున్నర కిలోల లోపు బరువుతో పుట్టినవాళ్లకు మూట చిన్నదే. వాళ్లకు రెండో నెల నుంచే ఐరన్ చుక్కలు మొదలుపెట్టమని డాక్టర్లు రాస్తారు. రాసింది మానకండి. ఇంకొకటి, కాన్పు కాగానే బొడ్డుతాడు గబుక్కున కోసేయకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే మాయలోని రక్తం బిడ్డలోకి వచ్చి చేరుతుంది, మొదటి ఆరు నెలలకు అది పెద్ద ఆసరా. కాన్పు దగ్గరపడ్డ వాళ్లు మీ డాక్టరమ్మను ముందే అడగండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు.

నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఈ నిల్వ సుమారు ఆరు నెలలు వస్తుంది. తల్లిపాలలో ఐరన్ తక్కువే, కానీ ఉన్నది ఒంటికి బాగా పడుతుంది. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఇంకేం వద్దనేది అందుకే. ఆ తర్వాత నిల్వ అయిపోతుంది, పెరుగుదల మాత్రం ఆగదు. పుట్టినప్పటి బరువు ఐదో నెలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవుతుంది. ఒళ్లు పెరిగిన కొద్దీ రక్తమూ పెరగాలి, రక్తం పెరగాలంటే ఐరన్ కావాలి. సరిగ్గా ఆ సమయంలో మనం ఏం పెడుతున్నాం? పలచటి అన్నం గంజి, పప్పు మీద తేట, బాటిల్‌తో పాలు, ఛాయ్‌లో ముంచిన బిస్కెట్.

రక్తం తగ్గితే నీరసపడతారని అందరికీ తెలుసు. మెదడు సంగతి చాలామందికి తెలియదు. మొదటి రెండేళ్లలో మెదడు ఎదిగినంత వేగంగా మళ్లీ జన్మలో ఎదగదు. నరాల మీద మైలిన్ అనే పొర ఏర్పడాలన్నా, ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోసే రసాయనాలు తయారవ్వాలన్నా ఐరన్ కావాలి. ఒంట్లో ఐరన్ తగ్గినప్పుడు ఉన్న కాస్తా ముందు రక్తానికే పోతుంది, మెదడు వంతు ఆ తర్వాత. అంటే పరీక్షలో హిమోగ్లోబిన్ పడిపోయినట్టు కనపడే సరికే మెదడుకు కొన్నాళ్లుగా కొరత నడుస్తోందన్నమాట. కోస్టారికా దేశంలో పసితనంలో ఈ లోపం ఎక్కువకాలం ఉన్న పిల్లల్ని 19 ఏళ్లు వచ్చేదాకా గమనించారు. వాళ్లకు చిన్నప్పుడే మందు ఇచ్చి రక్తం సరిచేశారు. అయినా తెలివితేటల పరీక్షల్లో తోటివాళ్లకన్నా వెనకబడే ఉన్నారు. పేదింటి పిల్లల్లో ఆ తేడా వయసుతో పాటు ఇంకా పెరిగింది. ఇది చదివినప్పటి నుంచి "కొంచెం పెద్దయ్యాక అదే సర్దుకుంటదిలే" అన్న మాట వింటే నాకు గుండె గుభేల్‌మంటుంది.

గుర్తులు ఎలా ఉంటాయని అడుగుతారు. ఆకలి ఉండదు. ఊరికే చిరాకు, సంక దిగడు. తోటిపిల్లలు పరుగెడుతుంటే గోడకు ఆనుకుని కూర్చుంటాడు, మాటిమాటికీ జలుబూ జ్వరమూ. ఇక మట్టి తినడం, గోడ సున్నం గీక్కుని తినడం, అక్క బలపాలు కొరకడం, పచ్చి బియ్యం బొక్కడం. దీనికి పిల్లల్ని కొడతారు, చేతులకు వేపాకు రసం పూస్తారు. కొట్టకండమ్మా. అది పొగరు కాదు. ఐరన్ తగ్గిన ఒంటికి పుట్టే యావ అది, మందు పడితే చాలామందిలో దానంతటదే పోతుంది. మట్టి తిన్నందుకు రక్తం తగ్గిందని అంటారు గానీ, చాలాసార్లు రక్తం తగ్గినందుకే మట్టి తింటారు. గుక్కపట్టి ఏడ్చి నీలంగా మారిపోయే పిల్లలు ఉంటారు చూడండి, వాళ్లక్కూడా ఒకసారి రక్తం పరీక్ష చేయించాలి. ఐరన్ తక్కువున్న పిల్లల్లో గుక్కలు ఎక్కువ, మందు వేశాక తగ్గుతాయి.

పాల గురించి మాట్లాడితే పెద్దవాళ్లకు కోపం వస్తుందని తెలుసు. అయినా చెప్పాలి. తల్లిపాల గురించి కాదు నేను అనేది, వాటిని రెండేళ్లు, ఆ పైనా ఇవ్వండి. ఆవుపాలు, గేదెపాలు, ప్యాకెట్ పాల సంగతి. వాటిలో ఐరన్ దాదాపు లేనట్టే. ఉన్న కాల్షియం మిగతా తిండిలోని ఐరన్‌ను కూడా సరిగా ఒంటపట్టనివ్వదు. ఏడాది లోపు పిల్లలకు ఆవుపాలు పడితే కొందరిలో పేగుల నుంచి కంటికి కనపడనంత రక్తం రోజూ పోతుంటుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం, కడుపు పాలతో నిండిపోతే బువ్వకు చోటుండదు. ఏడాది లోపు పైపాలు తాగించొద్దు. ఏడాది దాటాక రోజుకు అర లీటరు మించొద్దు, అదీ గ్లాసుతో, తిండి తిన్నాక. రాత్రంతా నోట్లో బాటిల్ పెట్టి పడుకోబెట్టే అలవాటు తీసేయండి. మొదటి రెండు మూడు రాత్రులు ఏడుస్తారు. ఓర్చుకోండి, ఆకలైతే పొద్దున అన్నం ముద్ద వాళ్లే అందుకుంటారు.

ఛాయ్ సంగతి. మన హైదరాబాద్‌లో ఇంటికి ఎవరొచ్చినా ఛాయ్ లేనిదే పంపం, ఆ ఆదరణ నాకు చాలా ఇష్టం. పెద్దవాళ్లు తాగండి. ఏడాది పిల్ల నోట్లో ఛాయ్‌లో తడిపిన బిస్కెట్ పెట్టకండి. తేయాకులో ఉండే టానిన్లు తిండిలోని ఐరన్‌ను పేగుల్లోనే పట్టుకుని బయటికి పంపేస్తాయి. మైదా బిస్కెట్‌తో కడుపు నిండిపోయి తర్వాతి ముద్ద కూడా పోతుంది. పొద్దున ఏడింటికి ఛాయ్ బిస్కెట్, పదింటికి ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్, మధ్యలో పాలు. పన్నెండింటికి తల్లి అన్నం కలిపి కూర్చుంటే పిల్ల మూతి తిప్పుకుంటుంది. ఆకలి మందు రాయమని నా దగ్గరికి వస్తారు. అలాంటివాళ్లకు నేను ఆకలి మందు రాయను, ఆ ప్యాకెట్ మానిపించమంటాను.

మరి ఏం పెట్టాలి? ఎర్రగా ఉన్నవి తింటే రక్తం పడుతుందని బీట్‌రూట్, దానిమ్మ రసం తాగిస్తున్నారు. పళ్లు మంచివే. కానీ వంద గ్రాముల దానిమ్మ గింజల్లో అర మిల్లీగ్రాము ఐరన్ కూడా ఉండదు, బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము లోపే. ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లకు రోజుకు 8 మిల్లీగ్రాములు కావాలని మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. దానిమ్మతో అది ఎప్పటికి తీరుతుంది? రెండు వందలు పెట్టి పళ్లు కొనే బదులు ఆ డబ్బుతో కార్జం తెచ్చుకోండి. మటన్ కొట్టులో కలేజీ అని అడిగితే ఇస్తారు, కోడి కార్జమైతే ఇంకా చవక. వంద గ్రాముల మేక కార్జంలో ఆరేడు మిల్లీగ్రాములు ఉంటుంది, పైగా మాంసంలోని ఐరన్ ఒంటికి తేలిగ్గా పడుతుంది. బాగా ఉడికించి, మెత్తగా మెదిపి, కారం లేకుండా అన్నంలో కలిపి వారానికి ఒకసారి రెండు చెంచాలు పెట్టండి. ఆరు నెలలు నిండిన పిల్లకు పెట్టొచ్చా అంటారు. పెట్టొచ్చు. పళ్లు రాకపోయినా మెదిపిన మాంసం, చేప తింటారు. కార్జంలో విటమిన్ ఎ బాగా ఎక్కువ కాబట్టి రోజూ వద్దు. ఇంట్లో పెద్దవాళ్లకు ముక్కలు వేసి పిల్లకు షోర్వా మాత్రం పోసే పద్ధతి ఉంది. షోర్వాలో రుచే గానీ సత్తువ లేదు. ముక్క పిల్లకు రావాలి.

మాంసం తినని ఇళ్లవాళ్లు దిగులుపడొద్దు, కాకపోతే ఇంకొంచెం శ్రద్ధ కావాలి. సజ్జలు, రాగులు, పప్పులు, శనగలు, తోటకూర, పుంటికూర. బియ్యంలో వంద గ్రాములకు ఒక మిల్లీగ్రాము కూడా లేని ఐరన్ సజ్జల్లో ఆరుకు పైగా ఉంటుంది. అయితే గింజల్లో, ఆకుకూరల్లో ఉండే ఐరన్ తేలిగ్గా ఒంటపట్టదు. దానికి పులుపు తోడుండాలి. పప్పు దించాక నిమ్మకాయ పిండండి, తిన్నాక ఒక జామ ముక్క మెదిపి పెట్టండి, ఉసిరికాయల కాలంలో ఉసిరి వాడండి. రాగులు, సజ్జలు నానబెట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పట్టించిన పిండి మామూలు పిండికన్నా మేలు. మొలకెత్తితే ఐరన్‌ను కట్టిపడేసే ఫైటేట్ తగ్గుతుంది. అటక మీద పడేసిన ఇనుప బాణలి ఉంటే దించి తోమి, టమాటా పప్పు, చింతచిగురు పప్పు అందులో వండండి. గుడ్డు రోజూ పెట్టండి, మాంసకృత్తులకు చాలా మంచిది. అయితే గుడ్డులో ఐరన్ సరిగా ఒంటపట్టదు, గుడ్డు తింటోందిగా అని మిగతావి మానొద్దు.

అంగన్‌వాడీ టీచర్లకు ఒక విన్నపం. మీరిచ్చే బాలామృతం పిండి నెలకు రెండున్నర కిలోలు, అందులో ఐరన్ కలిపే పంపుతున్నారు. అది ఇంటికి వెళ్లాక లడ్డూలై పెద్దపిల్లల, మగవాళ్ల పళ్లాల్లోకి పోతోంది. నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు, ఇంట్లో నలుగురు ఆకలిగా ఉంటే ఒక్కరికే ఎలా దాచిపెడతారు? కానీ ఆ ప్యాకెట్టు ఇచ్చేటప్పుడు "ఇది చిన్నదానిది" అని తండ్రి వినేలా ఒక్కమాట చెప్పండి. తండ్రికి తెలిసిన ఇళ్లల్లో ప్యాకెట్టు పిల్లకే మిగులుతుంది, ఇది నేను చూసిన సంగతి.

ఇక మందు. తిండి ఎంత బాగా పెట్టినా ఈ వయసులో అవసరం తీరడం కష్టం. అందుకే ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు ప్రతి పిల్లకూ, జబ్బు ఉన్నా లేకున్నా, వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఇవ్వాలని ప్రభుత్వం పెట్టింది. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం అది. ఆ ఒక్క మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాముల ఐరన్, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఆశా అక్కలు ఇచ్చే 50 మిల్లీలీటర్ల చిన్న సీసా ఆరు నెలలు వస్తుంది. ఏడాది దాటిన పిల్లలకు ఆరు నెలలకోసారి నులిపురుగుల మందు, ఆల్బెండజోల్, అదీ తప్పించొద్దు. జ్వరం, విరేచనాలు ఉన్న రోజుల్లో ఐరన్ ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టండి.

రక్తం తక్కువని తేలిన పిల్లలకు ఇలా వారానికి రెండుసార్లు వేస్తే చాలదు. రోజూ, బరువును బట్టి, కిలోకు 3 మిల్లీగ్రాముల లెక్కన ఇవ్వాలి, పది కిలోల పిల్లకు 30. మెడికల్ షాపుల్లో దొరికే ఒక్కో సిరప్‌లో ఐరన్ ఒక్కో పాళ్లలో ఉంటుంది. పక్కింటి పిల్లకు రాసిన మోతాదు మీ పిల్లకు పోయకండి.

ఎక్కువ ఇళ్లల్లో సీసా సగంలోనే ఆగిపోతుంది. విరేచనం నల్లగా వస్తుంది, భయపడి ఆపేస్తారు. నల్లగా రావడం మామూలే, మందు లోపలికి పోతోందనడానికి గుర్తు. పళ్లు నల్లబడతాయని ఆపేస్తారు. నాలుక వెనక భాగంలో పడేలా చుక్కలు వేసి, తర్వాత కాస్త నీళ్లు తాగించండి. ఆ మచ్చ తోమితే పోతుంది. పాలతో కలిపి ఇస్తారు, దాంతో మందు వృథా అవుతుంది. పాలకు గంటో రెండు గంటలో దూరంగా, వీలైతే నిమ్మరసం నీళ్లతో ఇవ్వండి. మరీ ముఖ్యమైనది, నెలకే పిల్ల చురుగ్గా అయిందని ఆపేస్తారు. నెలలో హిమోగ్లోబిన్ ఒక గ్రాము పెరుగుతుంది, ఆకలి అంతకన్నా ముందే వస్తుంది, నిజమే. కానీ ఒంట్లో నిల్వ ఇంకా ఖాళీయే. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక మరో రెండు మూడు నెలలు డాక్టరు చెప్పినంత కాలం వేస్తేనే నిల్వ నిండుతుంది. అంతకుముందే ఆపితే మూడు నెలల్లో మళ్లీ అక్కడికే వస్తారు.

ఒక హెచ్చరిక. గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రల్లో ఒక్కోదాంట్లో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. చాక్లెట్ అనుకుని ఏడాది పిల్ల ఒక పది మాత్రలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. దిండు కింద, టీవీ మీద పెట్టకండి. బీరువాలో పెట్టి తాళం వేయండి. ఒకవేళ మింగితే బాగానే ఉందిలే అని చూస్తూ కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి ఎత్తుకెళ్లండి.

నెల రోజులు మందు సరిగ్గా వేసినా హిమోగ్లోబిన్ కదలకపోతే అప్పుడు వేరే కారణం వెతకాలి. విటమిన్ బి12 లోపం కావచ్చు, తలసీమియా అనే రక్తజబ్బు లక్షణం తల్లిదండ్రుల నుంచి వచ్చి ఉండవచ్చు. రెండూ ఐరన్‌తో తీరేవి కావు. తరచూ రక్తం ఎక్కించాల్సి వచ్చే తలసీమియా పిల్లలకు డాక్టరు చెప్పకుండా ఐరన్ అసలు పోయకూడదు, వాళ్ల ఒంట్లో అప్పటికే అది పేరుకుపోయి ఉంటుంది. అలాంటి కుటుంబాలకు మన నగరంలోనే తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది, పరీక్షలూ సలహాలూ దొరుకుతాయి.

ఇక్కడ ఒక చెల్లె చీటీ పంపింది. చదువుతాను: "మా పెద్దోడికి నాలుగేళ్లు. అప్పుడు ఏ మందూ వెయ్యలే. ఇప్పుడేసినా ఫాయిదా లేదా?" ఉంది చెల్లె, తప్పకుండా ఉంది. మొదటి రెండేళ్లు ముఖ్యమని నేను చెప్పింది చిన్నపిల్లలున్న వాళ్లు తొందరపడాలని, నిన్ను ఏడిపించాలని కాదు. నాలుగేళ్ల పిల్లాడికి ఇప్పుడు మందు వేసినా రక్తం పూర్తిగా సరి అవుతుంది, బలం వస్తుంది, జబ్బులు తగ్గుతాయి, బడిలో ధ్యాస కుదురుతుంది. మందుతో పాటు వాడితో బాగా మాట్లాడు, కథలు చెప్పు, బయట ఆడనివ్వు, ఫోన్ చేతికివ్వకు. మెదడుకు అది కూడా ఆహారమే. నీ ఒళ్లో ఉన్న చిన్నదానికి ఎన్ని నెలలు? ఎనిమిదా? సిరప్ మొదలుపెట్టారా? లేదా... సరే. సోమవారం పొద్దున ఇద్దరినీ తీసుకుని బస్తీ దవాఖానకు రా. రక్తం అక్కడే తీసి పరీక్షకు పంపుతారు, డబ్బులు కట్టేది లేదు, పరగడుపున రావాల్సిన పని కూడా లేదు, పిల్లలకు తినిపించే తీసుకురా. టీకాల కార్డు మర్చిపోకు. చిన్నదాని సిరప్ సీసా మాత్రం సోమవారం దాకా ఎందుకు, ఆశా అక్క ఇక్కడే కూర్చుంది, పోయేటప్పుడు తీసుకుని వెళ్లు. మిగతా వాళ్లలో ఆరు నెలలు నిండిన పిల్లలు ఉన్నవాళ్లు ఎవరెవరో కూడా అక్క దగ్గర పేర్లు రాయించి వెళ్లండి.